‘మీ ఖాతాలోకి ఎవరో ప్రవేశించారు’ అనే మెయిలు అసలుదో నకిలీదో తేల్చుకోవడం ఎలా?

టంగుటూరులో ఉండే మా బాబాయి పొగాకు రైతు. ఈమెయిలుతో ఆయనకు పని తక్కువే కానీ, మనుమల ఫొటోలు, ఫోను నంబర్లు, బ్యాంకు స్టేట్‌మెంట్లు అన్నీ ఆ మెయిలు ఖాతాకే కట్టుబడి ఉన్నాయి. వేలం జోరుగా సాగుతున్న రోజుల్లో ఒక ఉదయం నాకు ఫోను చేశారు. “నా ఖాతాలోకి ఎవరో దూరారట. 24 గంటల్లో సరిచూసుకోకపోతే మూసేస్తారట. కింద నీలం రంగు పట్టీ ఉంది, నొక్కమంటావా?” అన్నారు. వద్దన్నాను. వెళ్లి చూస్తే అది నకిలీదే. నెల తిరగకముందే ఇంకొకటి వచ్చింది, ఖాతాకు రక్షణగా పెట్టుకున్న ఫోను నంబరు మారిందని. ఇలాంటివన్నీ దొంగవే అనుకుని, ఈసారి నన్ను అడగకుండానే తుడిచేశారు. అది మాత్రం అసలుది.

నాలుగో రోజున వేరే విషయం మాట్లాడుతూ ఆ సంగతి చెప్పారు కాబట్టి ఖాతా దక్కింది. గూగుల్ ఖాతాలో రికవరీ నంబరు మారిపోయినా, పాత నంబరుకు కోడ్ తెప్పించుకునే వీలు 7 రోజుల పాటు మిగిలి ఉండవచ్చు. మేం ఆ గడువు లోపలే ఉన్నాం. ఒంగోలులో ఏళ్ల తరబడి పిల్లలకు కంప్యూటర్ పాఠాలు చెబుతున్న నేను, మా ఇంటి పెద్దమనిషికి సగం పాఠమే చెప్పానని ఆ రోజు చాలా బాధపడ్డాను. నొక్కవద్దని చెప్పాను కానీ, నొక్కకుండా ఎక్కడికి వెళ్లి చూసుకోవాలో చెప్పలేదు. ఆ మిగిలిన సగం కోసమే ఇది రాస్తున్నాను.

మెయిలును ఎంత తిరగేసి చూసినా, అది తన గురించి తాను చెప్పుకున్న మాటే. మీ ఖాతాలో నిజంగా ఏం జరిగిందో ఖాతాలోనే నమోదై ఉంటుంది. అందుకే ముందు ఖాతాను చూడాలి, ఆ తర్వాతే మెయిలును. చాలామంది దీన్ని తలకిందులుగా చేసి, బొమ్మ సరిగ్గా ఉందా, అక్షరదోషాలు ఉన్నాయా అని మెయిలు దగ్గరే ఆగిపోతారు.

మొదటి అడుగు: మెయిలులో దేన్నీ నొక్కకండి

మెయిలు తెరిచి చదివినంత మాత్రాన డబ్బు పోదు. ప్రమాదమంతా అందులోని లింకులోనూ, జతచేసిన ఫైలులోనూ, ఇచ్చిన ఫోను నంబరులోనూ ఉంటుంది. చాలా నకిలీ మెయిళ్లలో ‘అవును, నేనే’, ‘కాదు, నేను కాదు’ అని రెండు పట్టీలు పెడతారు. మనం మంచివైపే ఉన్నామనుకుని ‘నేను కాదు’ నొక్కుతాం. రెండూ తీసుకువెళ్లేది ఒకే చోటికి, అచ్చం అసలు దానిలాగే కనిపించే లాగిన్ పేజీకి. అక్కడ మీరు పాస్‌వర్డు కొడితే, అవతల వాళ్లు దాన్ని అదే నిమిషంలో అసలు సైటులో వాడతారు. అసలు సైటు మీ ఫోనుకు ఓటీపీ పంపుతుంది. నకిలీ పేజీ ఆ ఓటీపీని కూడా అడుగుతుంది. మీరు అదీ ఇస్తారు. ‘ఓటీపీ ఉంది కదా, నా ఖాతాకు ఏమీ కాదు’ అనే ధీమా ఈ పద్ధతి ముందు నిలవదు.

మీ ఫోనులోనో బ్రౌజరులోనో పాస్‌వర్డులు దాచుకునే అలవాటు ఉంటే ఒక మంచి ఆనవాలు చెబుతాను. ఎప్పుడూ తనంతట తాను పాస్‌వర్డు నింపే ఫోను ఒక పేజీలో నింపకుండా ఊరుకుంటే, వెంటనే ఆగండి. మన కంటికి రెండు పేజీలూ ఒకటే. ఫోను మాత్రం పేజీ రూపాన్ని చూడదు, చిరునామాను చూస్తుంది. పాస్‌వర్డుకు బదులు వేలిముద్రతోనో ఫోను తాళంతోనో లాగిన్ అయ్యే పాస్‌కీ కూడా అంతే, అసలు చిరునామాలో తప్ప పనిచేయదు.

రెండో అడుగు: ఈ రెండు రోజుల్లో మీరేం చేశారో గుర్తు చేసుకోండి

నా దగ్గరికి వచ్చిన హెచ్చరికల్లో చాలావరకు అసలువే, పైగా ఆ మనిషి చేసిన పనికి వచ్చినవే. కొత్త ఫోను కొన్నారు. ఇంట్లో టీవీలో యూట్యూబ్ కోసం లాగిన్ అయ్యారు. జిరాక్స్ దుకాణంలో హాల్‌టికెట్ ప్రింటు తీయడానికి అక్కడి కంప్యూటర్‌లో మెయిలు తెరిచారు. ఈ చివరిదైతే హెచ్చరిక అసలుదే, పని కూడా మీదే, కానీ ప్రమాదం తీరలేదు. అక్కడ లాగౌట్ చేశారా లేదా అన్నది ఇంకా తేలాలి.

హెచ్చరికలో కనిపించే ఊరి పేరు చూసి మాత్రం గుండెలు బాదుకోవద్దు. ఆ ఊరిని ఇంటర్నెట్ కనెక్షన్ నంబరును బట్టి సుమారుగా లెక్క కడతారు. కావలిలో కూర్చుని మొబైల్ డేటాతో తెరిచినా చెన్నై అనో, హైదరాబాదు అనో పడవచ్చు. నెల్లూరులో ఒక పెద్దాయన ‘డల్లాస్ నుంచి కొత్త లాగిన్’ అని చూసి రాత్రంతా నిద్రపోలేదు. తెల్లవారి ఫోను చేస్తే, తండ్రి విమాన టికెట్ల మెయిలు చూడటానికి కొడుకే తెరిచాడట. పిల్లలు విదేశాల్లో ఉండి పెద్దల ఖాతాలు చూసుకునే ఇళ్లు మన వైపు ఎన్నో ఉన్నాయి. తెరిచేముందు ఒక్క మాట చెప్పమని పిల్లలను అడగండి.

ఊరికంటే పరికరం పేరును, సమయాన్ని నమ్మండి. సమయం దగ్గర కూడా ఒక చిక్కు ఉంది. కొన్ని మెయిళ్లలో గ్రీన్‌విచ్ సమయం వేస్తారు. మన గడియారం దానికి 5 గంటల 30 నిమిషాలు ముందుంటుంది. ‘రాత్రి ఒంటిగంటకు ఎవరో తెరిచారు’ అని మీరు భయపడేది, మీరే పొద్దున ఆరున్నరకు కాఫీ తాగుతూ తెరిచినది కావచ్చు.

మూడో అడుగు: మీ దారిలో మీరు ఖాతాలోకి వెళ్లండి

అన్నిటికంటే ముఖ్యమైన అడుగు ఇది. మెయిలు మూసేయండి. ఫోనులో ఆ సంస్థ యాప్ ఉంటే దాన్ని తెరవండి, లేదా బ్రౌజరులో చిరునామా మీరే కొట్టండి. గూగుల్లో వెతికి పైన కనిపించినదాన్ని నొక్కవద్దు. ఆ పైవరుసలు ప్రకటనలు కావచ్చు, ప్రకటనలు దొంగలూ కొంటారు.

జీమెయిల్ వాడేవారు ఆండ్రాయిడ్ ఫోనులో సెట్టింగ్స్ తెరిచి, గూగుల్ అనే చోటికి వెళ్లి, తమ పేరు కింద ఖాతా నిర్వహణ తెరిస్తే సెక్యూరిటీ అనే భాగం వస్తుంది. అందులో ‘రీసెంట్ సెక్యూరిటీ యాక్టివిటీ’ దగ్గర గత 28 రోజుల్లో ఖాతాలో జరిగిన భద్రతా సంఘటనలు ఉంటాయి: కొత్త లాగిన్, పాస్‌వర్డు మార్పు, రికవరీ నంబరు మార్పు. మెయిలు చెప్పిన సంఘటన ఇక్కడ ఉంటే, ఆ పని జరిగినట్టే. లేకపోతే ఆ మెయిలును నమ్మాల్సిన పని లేదు. అక్కడే ‘యువర్ డివైసెస్’ అనే చోట మీ ఖాతా ఏయే పరికరాల్లో తెరిచి ఉందో కనిపిస్తుంది. మా బాబాయి ఖాతాలో ఆయనెప్పుడూ చూడని ఫోను ఒకటి అక్కడే దొరికింది.

ఇన్‌స్టాగ్రామ్‌లో ఇంకా సులువు. సెట్టింగ్స్‌లో అకౌంట్స్ సెంటర్, అందులో ‘పాస్‌వర్డ్ అండ్ సెక్యూరిటీ’, దానిలో ‘రీసెంట్ ఈమెయిల్స్’ తెరిస్తే గత 14 రోజుల్లో ఆ సంస్థ మీకు నిజంగా పంపిన మెయిళ్ల జాబితా ఉంటుంది. మీకు వచ్చింది అందులో లేకపోతే అది వాళ్లు పంపినది కాదు. ఫేస్‌బుక్‌కూ ఇదే ఏర్పాటు ఉంది. ప్రతి బ్యాంకూ ఇలాంటి జాబితా తన యాప్‌లో పెడితే ఎంత బాగుంటుందో అని నాకు తరచూ అనిపిస్తుంది. అమెజాన్‌లో ‘యువర్ అకౌంట్’ లోపల మెసేజ్ సెంటర్ ఉంది, వాళ్లు పంపిన సందేశాలు అక్కడ కనిపిస్తాయి. మైక్రోసాఫ్ట్ ఖాతాలో సెక్యూరిటీ కింద గత 30 రోజుల లాగిన్ల పట్టిక ఉంటుంది. అందులో పేరు తెలియని దేశాల నుంచి విఫలమైన ప్రయత్నాలు వరుసగా కనిపించినా కంగారు పడకండి. తలుపు తట్టారే కానీ లోపలికి రాలేదు. విజయవంతమైన లాగిన్ ఏదైనా మీది కానిది ఉందా అని మాత్రం చూసుకోండి.

ఆదాయపు పన్ను శాఖ పేరుతో నోటీసు వస్తే, ఆ శాఖ ఈ-ఫైలింగ్ పోర్టల్లో నోటీసును సరిచూసుకునే ఏర్పాటు ఉంది. లాగిన్ కూడా అవసరం లేదు. 2019 అక్టోబరు 1 నుంచి శాఖ ఇచ్చే ఉత్తర్వులకు డిన్ అనే గుర్తింపు సంఖ్య ఉంటుంది, దాన్ని అక్కడ కొడితే నిజానిజాలు తేలతాయి. ఈ-పాన్ కార్డు డౌన్‌లోడు చేసుకోమంటూ తిరిగిన మెయిళ్లు నకిలీవని కేంద్ర ప్రభుత్వ పీఐబీ ఫ్యాక్ట్ చెక్ విభాగం ప్రకటించింది.

బ్యాంకు మెయిళ్లు

వీటికి వేరే మాట చెప్పాలి, ఎందుకంటే మన జిల్లాల్లో బ్యాంకుల పేర్లు మారినంతగా బస్టాండ్ల పేర్లు కూడా మారలేదు. నెల్లూరు కేంద్రంగా ఉన్న పినాకిని గ్రామీణ బ్యాంకు 2006లో ఆంధ్రా ప్రగతి గ్రామీణ బ్యాంకులో కలిసింది. అది 2025 మే 1న ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకులో భాగమైంది. ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో విలీనమైంది. ఒకే పాసుపుస్తకం మీద ఇన్ని పేర్లు చూసిన రైతుకు ‘విలీనం వల్ల మీ ఖాతా మళ్లీ ధ్రువీకరించాలి’ అని ఎవరు రాసినా నిజమే అనిపిస్తుంది. ఇలాంటి మెయిలు వస్తే మీ శాఖకు వెళ్లి అడగండి, లేదా డెబిట్ కార్డు వెనక ముద్రించిన నంబరుకు ఫోను చేయండి. మెయిలులో ఇచ్చిన నంబరుకు మాత్రం కాదు. మీరే ఫోను చేశారు కాబట్టి అవతల మాట్లాడేవారు బ్యాంకువాళ్లేననే నమ్మకం కలుగుతుంది. దొంగకు కావలసిందీ అదే.

బ్యాంకు వెబ్‌సైటు చిరునామా గురించి 2025 ఏప్రిల్‌లో రిజర్వు బ్యాంకు ఒక మంచి ఆదేశం ఇచ్చింది. బ్యాంకులన్నీ తమ వెబ్‌సైట్లను ‘డాట్ బ్యాంక్ డాట్ ఇన్’ అనే ముగింపు ఉన్న చిరునామాలకు మార్చుకోవాలని, అందుకు 2025 అక్టోబరు 31 గడువని చెప్పింది. ఆ చిరునామాలను కేటాయించేది రిజర్వు బ్యాంకు నెలకొల్పిన, హైదరాబాదులోని ఐడీఆర్‌బీటీ అనే సంస్థ. బ్యాంకులకు తప్ప ఇతరులకు ఇవ్వరు. కాబట్టి బ్యాంకు లాగిన్ పేజీ ముందు కూర్చున్నప్పుడు చిరునామా చివర ఈ మాటలు ఉన్నాయా అని చూడటం అలవాటు చేసుకోండి. ‘చివర’ అన్న మాటకు ఎంత బలం ఉందో ఇప్పుడు చెబుతాను.

నాలుగో అడుగు: చిరునామాను వెనక నుంచి చదవండి

నెల్లూరులో మద్రాసు బస్టాండు ఉంది. పేరులో మద్రాసు ఉంది కదా అని అది మద్రాసులో లేదు. ఒంగోలులో అద్దంకి బస్టాండు సెంటరు ఉంది, అది అద్దంకిలో లేదు. ఉత్తరం మీద చిరునామా రాసినా ఇంతే, వీధి పేరు ఏదైనా కావచ్చు, చివర రాసిన ఊరే ఉత్తరాన్ని చేరుస్తుంది. ఇంటర్నెట్ చిరునామా కూడా సరిగ్గా ఇలాంటిదే.

‘అకౌంట్స్ డాట్ గూగుల్ డాట్ కామ్’ అనే చిరునామాను చివరి నుంచి చదవండి: కామ్, దానికి ఎడమ పక్కన గూగుల్. ఇది గూగుల్ వారిదే. ‘గూగుల్ డాట్ కామ్ డాట్ ఫలానా డాట్ టాప్’ అని ఉంటే, చివర టాప్, దాని పక్కన ఫలానా. ఈ ఇల్లు ఫలానా వాడిది, గూగుల్ అన్నది ఆ వీధికి వాడు పెట్టుకున్న పేరు. ‘కో డాట్ ఇన్’, ‘బ్యాంక్ డాట్ ఇన్’, ‘గవ్ డాట్ ఇన్’ లాంటి జంట ముగింపులు ఉంటే, వాటికి ఎడమన ఉన్న మాటను చూడండి. వెబ్ లింకులో అయితే మొదట వచ్చే జంట గీతలను దాటాక, ఆ తర్వాత వచ్చే మొదటి ఏటవాలు గీత దగ్గర ఊరి పేరు అయిపోతుంది. దాని కుడిపక్కన ఎంత పెద్ద బ్యాంకు పేరు రాసినా లెక్కలోకి రాదు. మెయిలు చిరునామాలో అయితే ‘ఎట్’ గుర్తుకు కుడివైపు ఉన్నదే చూడాలి. ఎడమవైపు ‘సెక్యూరిటీ’, ‘సపోర్ట్’ అని ఎవరైనా పెట్టుకోవచ్చు.

పంపినవారి పేరుగా కనిపించేది అసలు చిరునామా కాదు. ‘గూగుల్ భద్రతా విభాగం’ అని నా పేరును నేను కూడా మార్చుకోగలను. ఫోనులో ఆ పేరు పక్కనున్న చిన్న బాణం గుర్తు నొక్కితే అసలు చిరునామా బయటపడుతుంది. అక్కడ అక్షరాలను నింపాదిగా చూడండి. ఇంగ్లిషు చిన్నక్షరాల్లో ఆర్, ఎన్ పక్కపక్కన పెడితే ఎమ్ లాగా కనిపిస్తుంది. ఎల్ స్థానంలో ఒకటి అంకె, ఓ స్థానంలో సున్నా పెడతారు. చత్వారం వచ్చిన కళ్లకు అసలే దొరకవు, కాబట్టి తెరను వేళ్లతో పెద్దది చేసి చూడండి.

ఇక్కడ తిరకాసు కూడా ఉంది. అసలు చిరునామాలు కొన్ని నకిలీవిలాగా కనిపిస్తాయి. ఫేస్‌బుక్ మెయిళ్లు ‘ఫేస్‌బుక్‌మెయిల్ డాట్ కామ్’ నుంచి వస్తాయి, అది వాళ్లదే. మైక్రోసాఫ్ట్ హెచ్చరికలు ‘అకౌంట్ ప్రొటెక్షన్ డాట్ మైక్రోసాఫ్ట్ డాట్ కామ్’ నుంచి వస్తాయి, వెనక నుంచి చదివితే అదీ సరైనదే. ఇన్ని చిరునామాలు ఎవరూ గుర్తుపెట్టుకోలేరు. మూడో అడుగును ముందు పెట్టింది అందుకే.

లింకు ఎక్కడికి పోతుందో నొక్కకుండా చూడాలంటే, కంప్యూటర్‌లో మౌసును దానిమీద ఉంచితే చాలు, కింద మూలన అసలు చిరునామా కనిపిస్తుంది. ఫోనులో వేలు అదిమి పట్టుకుంటే చిన్న పెట్టెలో చూపిస్తుంది. చూసి బయటికి వచ్చేయండి. వేలు స్థిరంగా నిలవనివారు ఈ ప్రయత్నం మానుకోవడమే మంచిది.

ఐదో అడుగు: తపాలా ముద్ర

జీమెయిల్లో పంపినవారి వివరాలు తెరిస్తే ‘మెయిల్డ్ బై’, ‘సైన్డ్ బై’ అని రెండు వరుసలు కనిపిస్తాయి. కవరు మీద తపాలా ముద్ర లాంటివి ఇవి. కంప్యూటర్‌లో మూడు చుక్కల గుర్తు నొక్కి ‘షో ఒరిజినల్’ తెరిస్తే ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ అనే మూడు పరీక్షల ఫలితాలు పైనే ఉంటాయి. ఎస్‌పీఎఫ్ అంటే ఆ చిరునామా తరఫున మెయిలు పంపే అనుమతి ఆ సర్వరుకు ఉందా అని. డీకిమ్ అంటే ఉత్తరం మీద ఆ సంస్థ వేసిన సంతకం దారిలో చెడిపోకుండా ఉందా అని. డీమార్క్ అంటే ఈ రెండిట్లో ఒక్కటైనా పాసై, పైకి కనిపించే చిరునామాతో కలుస్తోందా అని.

గూగుల్ పేరుతో వచ్చిన మెయిలుకు ఇవి తప్పాయంటే దాన్ని పక్కన పెట్టేయవచ్చు. మూడూ ‘పాస్’ అయ్యాయంటే మాత్రం మంచి మెయిలని అర్థం కాదు. ఆ చిరునామా నుంచే వచ్చిందని మాత్రమే అర్థం. దొంగ తన సొంత చిరునామా కొనుక్కుని, దానికి మూడు పరీక్షలూ దర్జాగా పాస్ చేయించుకోగలడు.

అంతకంటే పెద్ద పాఠం 2025 ఏప్రిల్‌లో బయటపడింది. గూగుల్ సంతకం ఉన్న నిజమైన హెచ్చరిక మెయిలును మోసగాళ్లు తమకు తెప్పించుకుని, అందులో తమకు కావలసిన మాటలు వచ్చేలా చేసి, ఆ సంతకం చెదరకుండా దాన్ని వేరేవాళ్లకు చేరవేశారు. పంపిన చిరునామా గూగుల్‌దే, డీకిమ్ పాస్. లింకు కూడా గూగుల్ వారి సైట్స్ సేవలోనే కట్టిన పేజీకి వెళ్లింది, ఆ సేవలో ఎవరైనా పేజీ కట్టుకోవచ్చు. పైన చెప్పిన పరీక్షల్లో చాలావరకు ఆ మెయిలును దాటనిచ్చేవే. ఆ లింకును వదిలేసి సొంత దారిలో ఖాతాలోకి వెళ్లి చూసుకున్నవారికి మాత్రం ఏమీ కాదు.

మాట తీరు

‘అక్షరదోషాలు ఉంటే నకిలీ’ అని నేనే ఒకప్పుడు తరగతిలో చెప్పేవాణ్ని. ఇప్పుడు చెప్పడం లేదు. యంత్రాలు చక్కటి ఇంగ్లిషు, చక్కటి తెలుగు రాసిపెడుతున్నాయి. బొమ్మ, రంగు, కింద రాసే కంపెనీ చిరునామా, అన్నీ అసలు మెయిలు నుంచి కోసి అతికించేవే. మీ పేరు, ఫోను నంబరు సరిగ్గా రాశారని కూడా నమ్మకండి. అవి ఎన్నో చోట్ల నుంచి బయటికి పోయాయి.

ఇప్పటికీ పనికొచ్చే ఆనవాలు ఒకటి ఉంది, మెయిలు మిమ్మల్ని ఏం చేయమంటోందో చూడటం. అసలు హెచ్చరిక జరిగినది చెబుతుంది, మీరు చేసినదైతే వదిలేయమంటుంది. నకిలీది గడువు పెట్టి తరుముతుంది. ఓటీపీ, పిన్, కార్డు వెనక మూడంకెలు అడిగినా, ‘మీ ఫోను తెర మాకు కనిపించేలా చేయండి’ అన్నా, ఏపీకే ఫైలు (ప్లే స్టోర్‌తో పని లేకుండా ఆండ్రాయిడ్ ఫోనులో యాప్‌ను వేసే ఫైలు) వేసుకోమన్నా అక్కడితో విచారణ ముగిసింది. ఏ బ్యాంకూ తన యాప్‌ను మెయిలుకు జతచేసి పంపదు.

అడగని ఓటీపీ వచ్చినప్పుడు

మెయిలు అసలుదే, చిరునామా సరైనదే, కానీ మీరు అడగలేదు. ఎవరో మీ ఖాతా తెరవడానికి ప్రయత్నిస్తున్నారు, లేదా తమ చిరునామా అనుకుని మీది కొట్టారు. కోడ్ మీ దగ్గరే ఉంది కాబట్టి తలుపు ఇంకా మూసే ఉంది. కొన్ని నిమిషాల్లో ‘పొరపాటున మీకు కోడ్ వచ్చింది, కాస్త చెప్పండి’ అని ఫోను వస్తే చెప్పవద్దు, తెలిసిన పిల్లవాడి గొంతులా వినిపించినా సరే. మళ్లీ మళ్లీ వస్తుంటే సొంత దారిలో వెళ్లి పాస్‌వర్డు మార్చండి. కొన్ని సేవల్లో పాస్‌వర్డు సరిగ్గా కొట్టాకే కోడ్ వెళుతుంది. అలాంటి చోట అడగని కోడ్ వచ్చిందంటే, పాస్‌వర్డు బయటికి పోయినట్టే.

ఇప్పటికే నొక్కేసి ఉంటే

సిగ్గుపడి దాచకండి. దాచిన ప్రతి గంటా దొంగకు లాభం.

లింకు తెరిచి ఏమీ రాయకుండా బయటికి వచ్చి ఉంటే ఆ పేజీ మూసేసి, ఏదైనా ఫైలు దిగిందేమో చూసి తుడిచేయండి. పాస్‌వర్డు కొట్టి ఉంటే వెంటనే అసలు యాప్‌లో దాన్ని మార్చండి, అదే పాస్‌వర్డు వాడిన ప్రతి చోటా మార్చండి. ఏపీకే వేసుకుని ఉంటే ముందు మొబైల్ డేటా, వైఫై రెండూ ఆపండి. ఆ యాప్ మీ మెసేజీలు చదువుతూ ఉండవచ్చు కాబట్టి, బ్యాంకుకు ఇంకొకరి ఫోను నుంచి మాట్లాడండి. ఆ తర్వాత ఫోనును మొదటి స్థితికి తెచ్చే రీసెట్ చేయించండి.

డబ్బు పోయి ఉంటే మొదటి ఫోను బ్యాంకుకు, రెండోది 1930కి. ఆ నంబరు దేశమంతటికీ ఒకటే. సొమ్ము ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు పరుగెడుతూ ఉంటుంది, ఫిర్యాదు ముందుగా అందితే మధ్యలో ఎక్కడో ఆపగలుగుతారు. ‘సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్’ లోనూ ఫిర్యాదు చేయవచ్చు, మీ ఊరి పోలీసు స్టేషన్లోనూ ఇవ్వవచ్చు. లావాదేవీ సంఖ్య, సమయం, ఆ మెయిలు, ఏవీ తుడిచేయకుండా ఉంచండి. బ్యాంకుకు ఎంత తొందరగా చెప్పాలన్నదానికి ఇంకో కారణం ఉంది. 2017 జూలైలో రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఆదేశాల ప్రకారం, ఖాతాదారు తానే వివరాలు ఇచ్చిన సందర్భంలో బ్యాంకుకు తెలియజేసేదాకా జరిగిన నష్టం ఖాతాదారుదే, తెలియజేసిన తర్వాత జరిగింది బ్యాంకుది. అందుకే ఫిర్యాదు నంబరు, చెప్పిన సమయం రాసి పెట్టుకోండి.

హెచ్చరిక అసలుదై, ఆ పని మీరు చేయనిదైతే

మీ సొంత ఫోనులో పాస్‌వర్డు మార్చండి, తెలియని పరికరాలన్నిటి నుంచి ఖాతాను బయటికి లాగండి. ఎక్కువమంది ఇక్కడితో ఆపేస్తారు. చీమకుర్తి వైపు గ్రానైటు యార్డులో లెక్కలు చూసే నా మిత్రుడు కూడా అంతే చేశాడు. లోపలికి వచ్చినవాడు పోతూ పోతూ మెయిలు సెట్టింగ్స్‌లో ఒక ఫార్వర్డింగ్ పెట్టి పోయాడు. పాస్‌వర్డు మారాక కూడా, కొనుగోలుదారుల ఉత్తరాలన్నీ నకలుగా వాడికి చేరుతూనే ఉన్నాయి. ఏ బిల్లు ఎప్పుడు వస్తుందో తెలిసినవాడు, మారిన బ్యాంకు ఖాతా నంబరుతో అలాంటిదే ఇంకో బిల్లు పంపడం ఎంతసేపు? కొనుగోలుదారు డబ్బు వేసేముందు ఫోనులో అడిగాడు కాబట్టి ఆ రోజు గండం గడిచింది.

కాబట్టి కంప్యూటర్‌లో జీమెయిల్ సెట్టింగ్స్ తెరిచి ఫార్వర్డింగ్, ఫిల్టర్లు (వచ్చిన మెయిలును ఏం చేయాలో ముందే పెట్టే నియమాలు) రెండూ చూడండి. తెలియని చిరునామా ఉంటే తీసేయండి. రికవరీ నంబరు, రికవరీ మెయిలు మీవేనా చూడండి. ఖాతాకు అనుమతి పొందిన ఇతర యాప్‌లలో తెలియనివి తొలగించండి. పాస్‌వర్డు తర్వాత ఇంకో ధ్రువీకరణ కూడా అడిగే రెండంచెల భద్రత పెట్టుకోండి. నకిలీ మెయిలు అయితే మూడు చుక్కల దగ్గర ‘రిపోర్ట్ ఫిషింగ్’ నొక్కండి, అది చాలు.

ఇంకొక మాట, మన ఊళ్లకు ప్రత్యేకంగా. ఉద్యోగ దరఖాస్తుకో, స్కాలర్‌షిప్పుకో నెట్ సెంటర్లో ఖాతా తెరిపించుకున్నవారు వేలల్లో ఉంటారు. తొందరలో అక్కడివాళ్లు తమ నంబరే రికవరీకి ఇచ్చి ఉంటారు, పాస్‌వర్డుగా మీ ఫోను నంబరే పెట్టి ఉంటారు. వాళ్లది దురుద్దేశం కాకపోవచ్చు, కానీ ఖాతాను తిరిగి దక్కించుకునే కోడ్లు మీకు రాకుండా వాళ్లకు పోతాయి. మా బాబాయి పాస్‌వర్డు అలా పెట్టిందే. ఆయన ఫోను నంబరు తెలిసిన ప్రతి ఒక్కరికీ ఆయన ఖాతా తాళం తెలిసినట్టే. ఆ ఖాతాలు ఉన్నవారు ఈ వారంలోనే ఒకసారి తెరిచి, రికవరీ నంబరు ఎవరిదో చూసుకోండి.

రెండంచెల భద్రత పెట్టుకున్నాక గూగుల్ 10 బ్యాకప్ కోడ్లు ఇస్తుంది, ఒక్కొక్కటి 8 అంకెలది, ఒక్కసారి మాత్రమే పనిచేస్తుంది. ఫోను పోయినా, నంబరు ఆగిపోయినా ఖాతాలోకి వెళ్లడానికి ఇవి పనికొస్తాయి. ఫొటో తీసి ఫోనులోనే దాచుకుంటే ఫోనుతోపాటే పోతాయి. మా బాబాయి వాటిని తెల్లకాగితం మీద రాయించుకుని, పట్టాదారు పాసుపుస్తకం కవరులో పెట్టి బీరువాలో ఉంచారు. ఇప్పుడు హెచ్చరిక మెయిలు వస్తే నాకు ఫోను చేసేముందే సెట్టింగ్స్ తెరిచి, ఆ 28 రోజుల పట్టిక చూసి, అందులో ఉన్నదేమిటో చదివి వినిపిస్తున్నారు.